ట్యాంకు మూత దగ్గరే మొదలవ్వాలి

డాక్టర్ యలవర్తి నాయుడమ్మ స్మారక ఉపన్యాసం



నాయుడమ్మ గారి పేరిట మాట్లాడమని పిలవడం నాకు దక్కిన గౌరవంగా భావిస్తున్నాను. 1922లో తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీలో కెమికల్ టెక్నాలజీ చదివారు. 1958 నుంచి 1971 వరకు మద్రాసు అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. ఆ తర్వాత సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం సముద్రంలో కూలినప్పుడు ఆయన్ని పోగొట్టుకున్నాం. ఈ వివరాలు మీలో చాలామందికి కంఠతా వచ్చు. నన్ను ఎప్పుడూ కదిలించేది మాత్రం ఆయన ఎంచుకున్న పని. తోలు పని అంటే చదువుకున్నవాళ్లు ముక్కు మూసుకుని దూరంగా నడిచే పని. ఊరవతలకు నెట్టేసిన మనుషుల పని. నాయుడమ్మ గారు తోలు ఊనే ఆ తొట్ల దగ్గరికే వెళ్లారు. ప్రయోగశాలలో తేలిన విషయం తోలు ఊనే మనిషి చేతికి అందకపోతే పరిశోధన సగంలో ఆగిపోయినట్టేనని ఆయన పద్ధతి చూస్తే అర్థమవుతుంది.

నా ఉద్యోగమంతా చమురు ట్యాంకుల దగ్గర గడిచింది. అదీ వాసన వేసే పనే. అందుకని ఈ సాయంత్రం చమురు, గ్యాసు నిల్వ చేసే ట్యాంకుల నుంచి గాలిలోకి పోయే ఆవిరి గురించి, దాన్ని ఆపడం గురించి మాట్లాడతాను. చెప్పదలుచుకున్నది ఒక్కటే. ట్యాంకు ఆవిరిని కాల్చే యంత్రం ఎంత గొప్పదో చూసి సంతోషపడుతున్నాం గానీ, ఆవిరి ఆ యంత్రం దాకా చేరుతోందో లేదో చూడటం లేదు. చూడాల్సిన చోటు ట్యాంకు నెత్తిన ఉన్న మూత.

1. ఆవిరి పుట్టే దారులు

బావి నుంచి బంకు దాకా వచ్చేలోపు చమురు ఎన్నో ట్యాంకుల్లో మజిలీ చేస్తుంది. ప్రతి మజిలీలోనూ కొంత గాలికి పోతుంది.

పగలు ఎండకు ట్యాంకు వేడెక్కి లోపలి ఆవిరి వ్యాకోచిస్తుంది, బ్రీదర్ వాల్వ్ తెరుచుకుని కొంత బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక అదే వాల్వ్ గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. ఇది రోజూ జరిగేది. ట్యాంకు నింపుతున్నప్పుడు మరో రకం. లోపలికి వచ్చిన ద్రవం ఎంతో, అక్కడున్న ఆవిరి అంత ఘనపరిమాణంలో బయటికి గెంటబడుతుంది. పన్నెండు కిలోలీటర్ల పెట్రోలు ట్యాంకరు మీ వీధి చివరి బంకులో సరుకు దించితే, భూమిలోని ట్యాంకు నుంచి పన్నెండు ఘనమీటర్ల ఆవిరి పైకి రావాల్సిందే. మన ఉష్ణోగ్రతల్లో అది పది, పదిహేను లీటర్ల పెట్రోలుకు సమానం. దాన్ని గొట్టం ద్వారా తిరిగి ట్యాంకరులోకే పంపే ఏర్పాటు లేకపోతే, వెంట్ పైపులోంచి వీధిలోకి వచ్చేస్తుంది.

మూడోది బావుల దగ్గరి ట్యాంకులకు ప్రత్యేకం. సరిగా పట్టకపోతే అన్నిటికంటే పెద్దది కూడా ఇదే. భూగర్భంలో విపరీతమైన ఒత్తిడి కింద ఉన్న చమురులో మీథేన్, ఈథేన్, ప్రొపేన్ కరిగి ఉంటాయి. పైకి వచ్చాక సెపరేటర్‌లో గ్యాసునూ నీటినీ వేరు చేస్తారు. అయినా సెపరేటర్‌లో ఇంకా ఒత్తిడి మిగిలే ఉంటుంది కనుక, ఆ చమురులో గ్యాసు మిగులుతుంది. అక్కడి నుంచి మామూలు పీడనంలో ఉన్న ట్యాంకులో పడగానే, గోలీ కొట్టిన సోడాలో లాగా ఆ గ్యాసంతా ఒక్కసారి పొంగుతుంది. మా భాషలో దీన్ని ఫ్లాషింగ్ అంటాం. కెమికల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఒక్క విషయం రాసుకోండి. సెపరేటర్ అడుగున ఉండే వాల్వ్ నిరంతరం తెరిచి ఉండదు. మట్టం పెరిగినప్పుడు తెరుచుకుంటుంది, తగ్గగానే మూసుకుంటుంది. కాబట్టి ఫ్లాష్ గ్యాసు ధారగా రాదు, విడతలు విడతలుగా ఉప్పెనలా వస్తుంది. నా ఉపన్యాసం మొత్తం ఈ వాక్యం మీద నిలబడి ఉంది.

ఈ ఆవిరి చేసే కీడు ఒకటి కాదు. మీథేన్‌ను ఇరవై ఏళ్ల వ్యవధిలో లెక్కిస్తే, సమాన బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. బరువైన హైడ్రోకార్బన్లు ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నేల మట్టాన ఓజోన్‌ను పుట్టిస్తాయి, ఆస్తమా ఉన్న పిల్లల ఊపిరి బిగబట్టేది అదే. ఇక బెంజీన్ మనుషుల్లో రక్త కేన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం. మన దేశంలో 2009 నాటి జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల ప్రకారం ఏడాది సగటున ఘనమీటరు గాలిలో అది 5 మైక్రోగ్రాములు దాటకూడదు.

2. మూత తెరిచే మనిషి

ట్యాంకు పైకి ఎక్కనివారి కోసం అక్కడ జరిగేది చెబుతాను. ట్యాంకులో సరుకు ఎంతుందో తెలుసుకోవడానికి డిప్ తీస్తారు. ట్యాంకు చుట్టూ తిరిగే ఇనుప మెట్లెక్కి పైకి వెళ్లాక, ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోవాలి. గాలి వీపుకు తగిలేలా నిలబడాలి. చేతిలో స్టీలు టేపు, దాని చివర నిప్పురవ్వ రాకుండా ఇత్తడి గుండు. గేజ్ హ్యాచ్ అనే చిన్న మూత ఎత్తగానే లోపలి నుంచి బుస్సుమని వస్తుంది. ఆవిరికి రంగుండదు. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో మూత పక్కనున్న రేకు మీద దాని నీడ కదులుతూ కనిపిస్తుంది. నీళ్లలో పంచదార కరుగుతున్నప్పుడు కనిపించే చారలంత పల్చటి నీడ. టేపు దించి, గుండు అడుగుకు తగిలిందని వేలికి తెలిశాక పైకి లాగి, తడి గీత ఎక్కడుందో చదివి, పుస్తకంలో రాయాలి. రెండు నిమిషాల పని. షిఫ్టులో ఇలా ఎన్ని ట్యాంకులుంటే అన్ని సార్లు. వంగి చూడకూడదని కొత్తగా చేరినవాళ్లకు పాత ఆపరేటర్లు చెప్పే మొదటి మాట.

ఆ మాట ఎంత విలువైనదో అమెరికాలో లెక్కలతో తేలింది. అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ 2010 జనవరి నుంచి 2015 మార్చి వరకు చమురు బావుల దగ్గర ట్యాంకుల మీద డిప్ తీస్తూనో, శాంపిల్ పడుతూనో మరణించిన తొమ్మిది మంది కార్మికుల వివరాలు సేకరించింది. వీరిలో కొందరి మరణాలను మొదట గుండె జబ్బు కిందే రాసుకున్నారు. మూత తీసిన క్షణాల్లో ప్రొపేన్, బ్యూటేన్ వంటి వాయువులు దట్టంగా ముఖానికి కొట్టి, ప్రాణవాయువును పక్కకు నెట్టి, గుండె లయను దెబ్బతీసి ఉండొచ్చని తర్వాత అర్థమైంది. చాలావరకు ఒంటరిగా పని చేస్తుండటం వల్ల ఆదుకునే మనిషీ పక్కన లేడు.

నేను ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. వాయు కాలుష్యం అనగానే మన మనసు ఊరి మీదికో, ఆకాశం మీదికో పోతుంది. ట్యాంకు ఆవిరికి మొదటి బాధితుడు మూత ఎత్తే మనిషి. అతనికి సురక్షితమైన ఏర్పాటు ఏదో, ఊరికి కూడా అదే సురక్షితం. ఈ రెండింటినీ వేర్వేరు విభాగాలకు, వేర్వేరు రిజిస్టర్లకు పంచిపెట్టడం మన కార్యాలయాల సౌకర్యం కోసం మాత్రమే.

3. తొంభై అయిదు శాతం

ఆవిరిని అదుపు చేసే సాధనాలు కొత్తవేమీ కావు. శుద్ధి కర్మాగారాల్లోని పెద్ద ట్యాంకులకు 1920ల నుంచే తేలే కప్పు ఉంది. కప్పు ద్రవం మీదే కూర్చుంటుంది కనుక ఆవిరి పట్టే ఖాళీ స్థలమే ఉండదు. చుట్టూ అంచు దగ్గర మాత్రం రబ్బరు సీలు కావాలి, వీలైతే ఒకదాని మీద ఒకటి. మన దేశంలో 2008లో వచ్చిన రిఫైనరీ ప్రమాణాలు తేలికగా ఆవిరయ్యే సరుకున్న పెద్ద ట్యాంకులకు ఇలాంటి కప్పులూ, జంట సీళ్లూ కోరాయి. ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయమన్నాయి. తెల్ల రంగు ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇంత సులువైన పని వాయిదా పడటం చూస్తే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

బావుల దగ్గరి చిన్న ట్యాంకులకు తేలే కప్పు కుదరదు, ఫ్లాష్ గ్యాసు దాన్ని ఊపేస్తుంది. అక్కడ ట్యాంకు నెత్తి నుంచి పైపు వేసి ఆవిరిని కంప్రెసర్‌తో లాగి గ్యాసు లైనులో కలుపుతారు. లేదంటే మూసిన పొయ్యిలో కాలుస్తారు. మొదటిది మేలు, అమ్ముకోగల సరుకు మిగులుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2012లో తెచ్చిన నిబంధన ప్రకారం ఏడాదికి 6 టన్నులు, ఆ పైన ఆవిరి వదలగల కొత్త ట్యాంకుల నుంచి 95 శాతం తగ్గించాలి.

ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను, విసుక్కోకండి. ఉదాహరణకు ఒక ట్యాంకులో వంద కిలోల ఆవిరి పుట్టిందనుకుందాం. పొయ్యి తన దగ్గరికి వచ్చిన దానిలో 95 శాతం కాలుస్తుంది, సర్టిఫికెట్ కూడా ఉంది. కానీ ఉప్పెనలా వచ్చినప్పుడు ముప్పై కిలోలు మూత అంచుల నుంచే తప్పించుకున్నాయి. పొయ్యికి చేరింది డెబ్బై. కాలింది అరవై ఆరున్నర. గాలిలోకి పోయింది ముప్పై మూడున్నర. రిజిస్టరులో రాసేది అయిదు. తేడా ఆరు రెట్లకు పైమాటే. ఇందులో ఎవరూ అబద్ధం రాయనక్కర్లేదు. కొలవాల్సిన చోట కొలవకపోతే చాలు.

మూత అంత తేలిగ్గా ఎందుకు లేస్తుందంటే, ట్యాంకు పల్చటి రేకు డబ్బా గనుక. అది తట్టుకునే ఒత్తిడి కొన్ని అంగుళాల నీటి ఎత్తుకు సమానం, అంతే. ఒత్తిడి ఆ గీత దాటేలోపు మూత లేచి ట్యాంకును కాపాడాలి, దాని ధర్మం అది. పైపు సన్నగా ఉన్నా, పైపు వంపులో నీళ్లూ చమురూ నిలిచి దారి మూసినా, కంప్రెసర్ సగటు ప్రవాహానికే సరిపోయేలా కొన్నా, ఉప్పెన వచ్చిన ప్రతిసారీ మూత లేస్తుంది. మళ్లీ సరిగా కూర్చోదు. గాస్కెట్ మీద ఇసుకో మైనమో చేరితే ఇక రోజంతా కారుతూనే ఉంటుంది.

4. కొలరాడోలో కళ్లు తెరుచుకున్న తీరు

ఇదంతా కాగితం మీది ఊహ కాదని నిరూపించిన ప్రాంతం కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్-జూల్స్‌బర్గ్ బేసిన్. డెన్వర్ నగరానికి ఉత్తరాన వేల బావులు, పొలాల మధ్య ట్యాంకుల బారులు. నగరంలో ఓజోన్ ప్రమాణం దాటిపోతోంది. కంపెనీల కాగితాల ప్రకారం ట్యాంకులన్నిటికీ పొయ్యిలున్నాయి.

అప్పుడు తనిఖీ అధికారులు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు పట్టుకుని వెళ్లారు. హైడ్రోకార్బన్లు కొన్ని పరారుణ కిరణాలను పీల్చుకుంటాయి. మామూలు కంటికి ఖాళీగా కనిపించే చోట ఆ కెమెరాలో నల్లటి పొగ సుడులు తిరుగుతూ కనిపిస్తుంది. మూతల దగ్గర, వాల్వుల దగ్గర, పొయ్యికి చేరకముందే. 2015లో నోబుల్ ఎనర్జీ కంపెనీతో ప్రభుత్వం కుదుర్చుకున్న కోర్టు ఒప్పందం నా దృష్టిలో ఈ రంగానికి పాఠ్యపుస్తకం. 3,400కు పైగా ట్యాంకు వ్యవస్థలు దాని కిందికి వచ్చాయి. 49.5 లక్షల డాలర్ల జరిమానా, వ్యవస్థలు సరిచేయడానికి సుమారు 6 కోట్ల డాలర్లు. ప్రధాన ఆరోపణ ఏమిటో గమనించండి. ఆవిరిని పట్టే వ్యవస్థ చాలినంత పెద్దది కాదు. సగటు చూసుకున్నారు, గరిష్ఠం చూసుకోలేదు.

2016లో అచ్చయిన మరో సర్వే ఉంది. ఏడు బేసిన్లలో ఎనిమిది వేలకు పైగా బావి స్థలాల మీదుగా హెలికాప్టర్‌లో కెమెరాతో తిరిగారు. కనిపించిన పెద్ద లీకుల్లో తొంభై శాతానికి పైగా ట్యాంకుల వెంట్లు, మూతల దగ్గరివే. ఇతర చోట్లన్నీ కలిపి పది లోపే.

కొలరాడో 2014లోనే మీథేన్‌ను నేరుగా అదుపు చేసే నిబంధనలు తెచ్చింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. 2020 నుంచి కట్టే కొత్త ట్యాంకులకు మూత తీయకుండానే మట్టం కొలిచే ఏర్పాటు ఉండాలని కూడా అడిగింది. ఒక్క నిబంధనతో రెండు పనులు. ఆవిరి లోపలే ఉంటుంది, మనిషి మెట్లెక్కి ముఖం పెట్టక్కర్లేదు. ఈ నిబంధన రాసినవాళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇంజనీర్లు చేయగల మరమ్మతు కూడా అక్కడే నేర్చుకోవచ్చు. ట్యాంకుకు ముందు ఇంకొక తక్కువ ఒత్తిడి సెపరేటర్ పెడితే ఫ్లాష్ చాలా భాగం అక్కడే అయిపోతుంది. సెపరేటర్ వాల్వ్ మెల్లగా తెరుచుకునేలా అమర్చితే ఉప్పెన చదునవుతుంది. వెంట్ పైపు వెడల్పు పెంచి, వాలు సరిచేసి, నీరు నిలవకుండా చూడాలి. ఆ తర్వాతే పొయ్యి మాట. మన వాళ్లు టెండర్లు పిలిచేటప్పుడు సరిగ్గా తిరగేసి, పొయ్యితో మొదలుపెడతారు.

5. మన గడ్డ మీద

ఇప్పుడు ఇంటికి వద్దాం. కోనసీమలో తాటిపాక, మోరి, కేశనపల్లి వైపు కొబ్బరి తోటల మధ్య గ్యాసు, చమురు సేకరణ కేంద్రాలున్నాయి. విశాఖలో మల్కాపురం, శ్రీహరిపురం ఇళ్ల పక్కనే 1957 నుంచి రిఫైనరీ ఉంది. 1997 సెప్టెంబరు 14న అక్కడి ఎల్‌పీజీ ట్యాంకుల దగ్గర లీకైన గ్యాసు అంటుకుని అరవై మంది దాకా చనిపోయిన రోజు విశాఖవాసులు మరిచిపోలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలోని కర్మాగారంలో జరిగింది చమురు ట్యాంకు ప్రమాదం కాదు. అక్కడి ట్యాంకులో ఉన్నది స్టైరీన్ అనే పెట్రో రసాయనం. అయినా నేను చెబుతున్న విషయానికి అంత దగ్గరి ఉదాహరణ మరొకటి లేదు. నిద్రలో ఉన్న ఊరి మీదికి ట్యాంకు నెత్తి నుంచి ఆవిరి దిగింది. పన్నెండు ప్రాణాలు పోయాయి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన కారణాల్లో ఒకటి మీరు మనసులో పెట్టుకోవాలి. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగు భాగంలోనే కొలిచారు. పైభాగం వేడెక్కిపోతున్న సంగతి కంట్రోల్ రూమ్‌కు తెలియలేదు. శీతలీకరణ రాత్రిళ్లు ఆపేశారు, రసాయన చర్యను ఆపే పదార్థం చాలినంత లేదు, సైరన్ మోగలేదు. ఆ వరసలో మొదటిది మాత్రం ట్యాంకు పైభాగాన్ని ఎవరూ చూడకపోవడమే.

మనకు చట్టాలు లేవని అనుకోవద్దు. చమురు తవ్వకాలకు 1996లోనే కేంద్రం నోటిఫై చేసిన ప్రమాణాల్లో గ్యాసును కాల్చకుండా నేరుగా గాలిలోకి ఎప్పుడూ వదలకూడదని స్పష్టంగా ఉంది. మూత అంచు నుంచి పగలూ రాత్రీ కారే ఆవిరి, కాల్చకుండా వదిలిన గ్యాసు కాకపోతే మరేమిటి? మంట లేని గొట్టం కనిపిస్తే అధికారి నోటీసు ఇస్తాడు. కూర్చోని మూత కనిపిస్తే గ్రీజు పూయమని చెప్పి వెళ్తాడు. రెండూ ఒకే నేరమని గుర్తించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, అధికారి చేతిలో ఒక కెమెరా, ట్యాంకు పైకి ఎక్కే ఓపిక ఉంటే చాలు.

బంకుల విషయంలో కొంత కదలిక వచ్చింది. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకులు బడులకు, ఆసుపత్రులకు, నివాసాలకు 50 మీటర్ల దూరం పాటించాలి, ఎంత ఇబ్బంది ఉన్నా 30 మీటర్లకు తగ్గకూడదు. అమ్మకం ఎక్కువగా ఉన్నచోట ఆవిరిని తిరిగి పట్టే వ్యవస్థ ఉండాలి. అయితే బంకులో పని చేసే కుర్రాడు నాజిల్ చివరి రబ్బరు మొహం చిరిగిపోయినా అలాగే పెట్రోలు పోస్తుంటే, వెనక పనిచేస్తున్న పంపు ఒట్టి గాలి పీలుస్తుంది. మళ్లీ అదే కథ, పట్టే చోట జారిపోవడం.

6. ఒక అభ్యర్థన

కంపెనీల పెద్దలు ఇక్కడ కొందరున్నారు. ఖర్చు గురించి వారి మనసులో మెదిలే ప్రశ్న నాకు తెలుసు. కంప్రెసర్ పెట్టి గ్యాసు అమ్ముకుంటే పెట్టుబడి తిరిగి వస్తుందా అంటే, పెద్ద బావుల దగ్గర వస్తుంది. చిన్న, ముసలి బావుల దగ్గర చాలాసార్లు రాదు. నిజం దాచను. అక్కడ ఆ ఖర్చును చమురు తీయడానికయ్యే ఖర్చులో భాగంగానే రాసుకోవాలి. ఆ ఖర్చు భరించలేని బావిని మూసేయాలి. ఇన్నాళ్లూ ఆ బిల్లు పక్క ఊరి ఊపిరితిత్తులు కడుతున్నాయి.

కాలుష్య నియంత్రణ మండలి అధికారులకు నేను చెప్పేది ఒక్కటే. పొయ్యి సామర్థ్యం సర్టిఫికెట్‌తో తృప్తి పడకండి. ఏడాదికి ఒక్కసారి ముందుగా చెప్పి వెళ్లే తనిఖీ వల్ల ప్రయోజనం లేదు, ఆ రోజు మూతలన్నీ కొత్త గాస్కెట్లతో మెరుస్తాయి. సెపరేటర్ వాల్వ్ తెరుచుకునే సమయానికి మూత దగ్గర కెమెరా పెట్టి చూడండి.

ప్రమాదకర పదార్థాలు వాడే పరిశ్రమలు తమ ఉద్గారాల వివరాలు గేటు బయట బోర్డు మీద రాయాలని సుప్రీంకోర్టు 2003లో ఆదేశించింది. ఆ బోర్డులు చాలాచోట్ల ఉన్నాయి. ట్యాంకులున్న ప్రతి చోటా ఆ బోర్డు మీద మరో మూడు వరసలు చేర్చమని అడుగుతున్నాను. కెమెరాతో ట్యాంకు మూతలు ఆఖరున ఎప్పుడు చూశారు, ఎన్ని కారుతున్నాయి, ఏ తేదీకి బాగు చేశారు. తెలుగులో, రోడ్డు మీద నిలబడి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. వెనక నిలబడిన విద్యార్థులారా, సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు. మీ ఊరి పక్కనున్న ట్యాంకుల గురించి ఈ మూడు ప్రశ్నలూ రాసి, ఈ నెలలోనే మండలికి పంపండి.